పాతరలో పెట్టిన నవల

ఆ ఇంట్లో అద్దెకు దిగేటప్పుడు పాతర సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే దిగేవాణ్ణి కాదు. కర్నూలు పాత టౌనులో, తుంగభద్రకు దగ్గర్లో, మిద్దె మీద విడి గది, కిటికీ తీస్తే గాలి. ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడికి ఇంతకంటే మంచి గది దొరకదు. ఇంటావిడ ఎనభై దాటిన మనిషి. ఒక్కతే ఉండేది. నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను అప్పా అనేది. అలా ఇద్దరమూ పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పించుకున్నాం.

కింద నడవలో ఆమె మంచం పక్కన ఒక కడప బండ మిగతావాటి కన్నా కొంచెం ఎత్తుగా ఉండేది. నా కాలికి తగిలి ఒకసారి పడబోయాను.

"నిదానమప్పా, దాని కింద పాతరుండాది," అంది.

పాతర అంటే జొన్నలు దాచుకునే గొయ్యి. మెడ సన్నగా, కడుపు పెద్దగా, భూమిలో పాతిపెట్టిన కుండలా ఉంటుంది. లోపల గోడలకు చొప్ప పరిచి, గింజలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తుతారు. మా సీమ నేలలో తేమ ఉండదు కాబట్టి ఏళ్ళు గడిచినా గింజ చెడదు. తేమ లేకపోవడం వల్ల మాకు కలిగిన లాభం బహుశా ఇదొక్కటే.

మాది కమలాపురం పక్కన ఊరు. చిన్నప్పుడు మా వీధిలో ఒక పాతర తీశారు. మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. బండ జరిపి చాలాసేపు వదిలేయాలి, తర్వాత తాడుకు దీపం కట్టి దింపాలి, దీపం ఆరితే మనిషి దిగకూడదు. అది అందరికీ తెలిసిన పద్ధతే. ఆ రోజు ఎవరికో తొందరగా ఉంది. దీపం దింపకుండా ఒకాయన దిగాడు. పిలిస్తే పలకలేదని ఆయన తమ్ముడు దిగాడు. ఇద్దరినీ కొక్కేలు వేసి పైకి లాగారు. అప్పటినుంచీ నేలలో ఏ చిన్న గుంట కనపడినా దానికి నేను గౌరవంగా దారి ఇస్తాను.

"జొన్నలున్నాయా అవ్వా లోపల?"

"జొన్నలు కాదప్పా. నా నవల."

ఆమె నవలలు రాసిందన్న సంగతి అలా తెలిసింది. వీధిలో ఎవరికీ తెలియదు. పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమెకు ఈమె 'పెద్దిల్లామె'. వీధి మొదట్లో చిల్లర అంగడి నడిపే శెట్టిగారికి ఈమె కందిపప్పులో రాళ్ళు చూపించి తిరిగి పంపే మనిషి.

మిగతాది కొంచెం కొంచెంగా చెప్పింది. చిన్న వయసులో మా కమలాపురం వైపే భూములున్న ఇంటికి ఇచ్చారు. ఒక పండగకు పుట్టింటికి వచ్చింది. "మళ్ళా పోయేది మర్చిపోయినాను," అనేది. మరిచిపోవడం అంత సులువుగా జరగలేదని ఆ చెప్పే తీరులోనే తెలిసేది. వంటింట్లో పీట మీద కూర్చుని మూడు నవలలు రాసింది. మొదటి రెండూ పత్రికల్లో వచ్చాయి, పోయాయి. మూడోది పుస్తకంగానే వచ్చింది. అందులో ఒక ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెడుతుంది. ఆ నీళ్ళు కాగే లోపల ఆమె తలలో నడిచేదే నవలంతా. వాకిలి తీసే ఉంటుంది. బియ్యం వేయాలా, బయటికి నడవాలా అన్నదొకటే సమస్య.

"ఈ నవల్లో ఏమీ జరగదని ఒకాయన రాసినాడు," అంది. "వంటింట్లో ఏమన్నా జరుగుతాదని మగోళ్ళకు యాడ తెలుస్తుంది?"

ఏమీ జరగని ఆ నవల అచ్చయిన వారానికి, ఆమె భర్త తరపు మనుషులు జీపులో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవారు. ఒక్క మాట అనలేదు. ఏమీ అనకపోవడమే వాళ్ళు వచ్చిన పని. కాఫీ ఇస్తే తాగేవారు, గ్లాసులు కడిగి పెట్టేవారు. అంత మర్యాద చూసి తనకు నిద్ర పట్టేది కాదని చెప్పింది. వాళ్ళు రావడం మానేశాక, అచ్చాఫీసు నుంచి వచ్చిన పుస్తకాల కట్టలన్నీ ఆమె అన్న పాతరలో దింపి బండ మూసేశాడు. బయటికి పోయిన ప్రతులు ఏవో కొన్ని.

"చెద పట్టకూడదని జొన్నల మాదిరి దాచినాడో, పీనుగ మాదిరి పూడ్చినాడో, నాకు చెప్పలేదప్పా. నేనూ అడగలేదు. ఇప్పుడడగాలంటే ఆయన లేడు."

తన దగ్గర ఉంచుకున్న ఒక్క ప్రతీ ఎవరో పరిశోధన చేసే అమ్మాయి తీసుకుపోయింది. ఆ పరిశోధన ఇంకా పూర్తికాలేదనుకుంటాను.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో హైదరాబాదు నుంచి కొందరు స్త్రీలు ఆమెకు ఫోన్ చేశారు. పాత రచయిత్రుల పుస్తకాలు మళ్ళీ అచ్చు వేస్తున్నామని, ఆ నవల కోసం లైబ్రరీలన్నీ వెతికామని, ఒక్క ప్రతి ఇస్తే చాలని అడిగారు. ఫోన్ పెట్టేశాక అవ్వ చాలాసేపు బండ వైపు చూస్తూ కూర్చుంది. సంతోషంగా ఉందనుకున్నాను. దగ్గరికి వెళితే, "వాకిలి గడియ పెట్టప్పా," అంది.

ఆ ఏడు వానలు లేవు. సెప్టెంబరులో నాలుగు జల్లులు పడ్డాయి. దసరా పోయాక తడి ఆరనిచ్చి, పాతరలు తీసే మనుషుల్ని నందికొట్కూరు నుంచి పిలిపించి తీయించాలని నిర్ణయించాం. నేను ఆ రోజుకు ఊళ్ళో ఉండకుండా ఉండే మార్గాలు ఆలోచిస్తున్నాను.

దసరా పోయింది. పైన ఎక్కడో కన్నడ దేశంలో వాన పట్టుకుంది. సెలవు రోజు పొద్దున ఆటోలో మైకు పెట్టి, నది ఒడ్డు వాళ్ళు ఎత్తు ప్రదేశాలకు వెళ్ళాలని చెప్పుకుంటూ పోయారు. మా వీధి నవ్వింది. మా కుళాయికి నీళ్ళు వచ్చి వారమైంది. మైకు విని ఇద్దరు బిందెలతో బయటికి వచ్చారు, ట్యాంకరు వచ్చిందనుకుని.

మధ్యాహ్నానికి నవ్వు ఆగిపోయింది. వీధి చివర ముందుగా ఒక తడి గీత కనిపించింది. తర్వాత ఆ గీత కదిలింది. నీళ్ళు పరిగెత్తుకొస్తాయని అనుకునేవాణ్ణి. అలా రాలేదు. దారి తెలిసిన మనిషి నడిచి వచ్చినట్టు వచ్చాయి. బర్రెలు తాళ్ళు తెంపుకొని ఎదురుగా పోతున్నాయి. హంద్రీ నది కూడా పొంగిందని, పైన ఏదో తెగిందని, ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తున్నారు.

నేను కిందికి దిగేసరికి అవ్వ మంచం దిగి బండ పక్కన నేల మీద కూర్చుని, ఇనుప గరిటెతో మూతి మట్టి గీకుతోంది.

"అవ్వా, పైకి పా. నీళ్ళొస్తాండాయి."

"ఒక్కటి చాలప్పా. ఒక్క కట్ట కూడా వద్దు, ఒక్క పుస్తకం."

ఆ గొంతులో ఆజ్ఞ లేదు. ఉంటే కాదనేవాణ్ణి. పెరట్లో గడ్డపార ఉంది. తెచ్చి మట్టి పగలగొట్టాను. నా జీవితంలో అంత వేగంగా ఏ పనీ చేయలేదు, అంత అయిష్టంగానూ చేయలేదు. బండ జరిగింది. కింద నుంచి పాత చొప్ప వాసన, దాని వెనక ఇంకేదో, పుల్లగా, గొంతు పట్టుకునేది. చిన్నప్పటి ఆ వీధి, ఆ కొక్కేలు కళ్ళ ముందుకొచ్చాయి.

"దీపం దింపు," అంది అవ్వ.

దేవుడి ముందున్న ప్రమిదను చిన్న చెంబులో పెట్టి, చేంతాడు కట్టి దింపాను. మెడ దాటిందో లేదో, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపాను. మళ్ళీ అంతే. అప్పటికి గడప మీదుగా నీళ్ళు లోపలికి జారుతున్నాయి, పల్చగా, అలికినట్టు.

ఆ క్షణంలో నాకేమైందో తెలియదు. మనసులో లెక్క వేస్తున్నాను: ఊపిరి బిగబట్టి దిగి, చేతికందింది లాక్కొని వస్తే? ఎకనామిక్స్ చెప్పేవాళ్ళు వేసే లెక్కలు సాధారణంగా ఇలాగే ఉంటాయి. ఒక కాలు లోపల పెట్టాను. వెంటనే మెడ దగ్గర చొక్కా బిగుసుకుంది. ఎనభై దాటిన చేతికి అంత పట్టు ఉంటుందని ఎవరూ అనుకోరు.

"ఆ పుస్తకంలో ఒక్కరు కూడా చావరప్పా," అంది. "నువ్వు చచ్చి దాన్ని చెడగొట్టద్దు. బయటికి రా."

వచ్చాను. నీళ్ళు బండ అంచు చేరి, పాతరలోకి దిగడం మొదలుపెట్టాయి. లోపలి గాలి బయటికి వస్తూ గుడగుడమని చప్పుడు చేసింది. ఎండిన గొంతుతో ఎవరో ఆగకుండా తాగుతున్న చప్పుడు. అవ్వ చెవులు మూసుకోలేదు. అది నిండేదాకా విన్నది. నేను మూసుకున్నాను.

మోకాళ్ళు వంగని మనిషిని మిద్దె ఎక్కించడం ఒక్కడి పని కాదు. అదృష్టవశాత్తూ వీధిలో మా మిద్దె ఎత్తయింది, అందరూ మా ఇంట్లోకే వచ్చారు. శెట్టిగారు చక్కెర బస్తాతో వచ్చి, దాన్ని దించి, అవ్వను కుర్చీతో సహా ఎత్తడానికి చెయ్యి వేశాడు. బట్టలు కుట్టే ఆమె, పదో తరగతి చదివే ఆమె కూతురు వెనక నుంచి పట్టుకున్నారు. పైకెక్కాక శెట్టిగారు మళ్ళీ దిగి చక్కెర తెచ్చుకున్నాడు.

"తాగను నీళ్ళు తెచ్చినావా శెట్టీ?" అంది బట్టలు కుట్టే ఆమె.

ఆయన చుట్టూ చూశాడు. కనుచూపు మేరా నీళ్ళే. "తేలేదమ్మా," అన్నాడు.

ఆ రాత్రి గురించి రాయను. చీకట్లో ఏదీ కనపడలేదు. విన్నవి మాత్రం ఇప్పటికీ వానాకాలంలో వినపడతాయి. మట్టి గోడలు నానినప్పుడు ఒక్కసారిగా పడవు. ముందు ఒక మూలుగు, తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని సమయంలో, ఇప్పుడు పడబోయేది మనదేనా అని అందరూ మిద్దెను అరచేతులతో తడిమి చూసుకునేవాళ్ళు.

తెల్లవారాక భయం తగ్గుతుందనుకున్నాను. కనపడటం మొదలయ్యాక ఇంకా పెరిగింది. ఎదురిల్లు లేదు. మా పిట్టగోడకు జానెడు పగులు వచ్చింది. అందరం దానికి దూరంగా, ఒకే మూల కూర్చున్నాం, మా బరువుకు ఆ మూల దిగిపోతుందేమోనని భయపడుతూ. శెట్టిగారు చక్కెర పంచాడు. ఎవరూ తినలేదు.

"ఏం పోయింది పెద్దమ్మా నీది?" అంది బట్టలు కుట్టే ఆమె, ఏదో ఒక మాట ఉండాలని. "నా మిషను పోయింది."

"ఒక కథమ్మా."

"కథ పోతాదా? చెప్పు, మాకు తెలుస్తుంది గదా."

అవ్వ నా వైపు చూసింది. చదవనివాణ్ణి, ఏమీ సాయం చేయలేను. ఆమె మొదలుపెట్టింది. ఒక ఇల్లాలు. పొయ్యి మీద ఎసరు. వాకిలి తీసుంది.

"ఎంతమందికి వండుతాంది?" అని అడ్డం వచ్చింది బట్టలు కుట్టే ఆమె.

"పదిమందికి."

"అయితే ఎసరు కాగేతలికి శానా సేపు పడతాది. సరే, చెప్పు."

ఏ విమర్శకుడూ ఆ నవల నిడివిని అంత బాగా సమర్థించి ఉండడు. అవ్వ చెప్పుకుంటూ పోయింది. ఆ ఇల్లాలికి చిన్నప్పుడు ఈత నేర్పిన మేనమామ, అత్తగారింట్లో ఆమె పేరే పలకని మగడు, అరుగు మీద ఎప్పుడూ కూర్చుని ఉండే మనుషులు. ఆ మనుషులు పుస్తకం అచ్చయ్యాక వచ్చినవాళ్ళని నాకు తెలుసు. మధ్యలో ఎక్కడో ఒక గోడ మూలిగింది. మేము తల తిప్పి చూసి, మళ్ళీ అవ్వ వైపు తిరిగాం. భయం పోలేదు. భయపడటానికి మాతో పాటు ఆ ఇల్లాలు కూడా దొరికింది, అంతే. ఆమె వాకిలి దాకా వచ్చినప్పుడల్లా శెట్టిగారు చక్కెర బస్తా మీద ముందుకు జరిగేవాడు.

"పొమ్మను," అన్నాడు ఒకసారి, తనలో తను. తర్వాత సిగ్గుపడి, "పొయ్యి ఆర్పి పొమ్మను," అన్నాడు.

అప్పుడు పుట్టి వచ్చింది. నదిలో చేపలు పట్టేవాళ్ళ గుండ్రటి బుట్ట పడవ. ఇద్దరు మనుషులు దాన్ని మా మెట్ల దగ్గర ఆపి, ఆడవాళ్ళను ముందు దిగమన్నారు. అది తిరుగుతోంది, ఊగుతోంది, దాని కింద మా వీధి ఉంది. అవ్వను దింపాం. కూతురు దిగింది. బట్టలు కుట్టే ఆమె చివరి పొడి మెట్టు మీద ఆగిపోయింది.

"నేను దిగను. ఈడనే ఉంటా."

"అమ్మా, గోడ పోతాంది, దిగమ్మా," అన్నాడు పుట్టి మనిషి.

ఆమె నీళ్ళను చూడటం లేదు. పుట్టిలో కూర్చున్న అవ్వను చూస్తోంది. "పెద్దమ్మా, ఆమె వాకిలి దాటి పోయిందా, లేదా? అది చెప్పు ముందు."

అవ్వ ఆమె నిలబడిన మెట్టును, దాని కింద నీళ్ళను చూసింది.

"పోయింది," అంది.

బట్టలు కుట్టే ఆమె కళ్ళు మూసుకుని కాలు పెట్టింది.

నీళ్ళు తీశాక అవ్వను నందికొట్కూరులో బంధువుల ఇంటికి చేర్చాను. పాతరలో మోకాలి లోతు బురద, అందులో కాగితం అనదగ్గది ఏదీ లేదని చూసి వచ్చి చెప్పాను. ఏడుస్తుందనుకుని ఓదార్పు మాటలు బస్సులోనే తయారు చేసుకున్నాను. అవి ఏవీ పనికిరాలేదు.

"పుస్తకంలో ఆమె పోలేదప్పా," అంది. "మళ్ళుకొని వచ్చి బియ్యం ఏస్తాది. రాసేనాటికి అంతవరకే నా ధైర్యం. ఆ పొద్దు మిద్దె మెట్టు మీద ఆ బిడ్డ నిలబడి అడిగితే అట్ల చెప్పలేకపోయినా."

"మంచిదే గదా అవ్వా. ఇప్పుడు కాదనేదానికి పుస్తకం కూడా లేదు."

"అదే నాకు భయం," అంది. "హైదరాబాదోళ్ళు మళ్ళా ఫోన్ చేసినారు. యాడన్నా ఒకటి దొరుకుతాదేమో వెతకమంటాండారు. దొరకదని భయం, దొరుకుతుందని భయం."

వెతకడం నా వంతుకు వచ్చింది. కర్నూలు, కడప, ఎన్ని లైబ్రరీలు తిరిగానో చెప్పను, లైబ్రేరియన్లకు నా మీద జాలి కలిగేంతవరకు తిరిగాను. చివరికి రాయచోటిలో ఒక చిన్న లైబ్రరీలో, తాళం చెవి పోయిన బీరువాలో దొరికింది. అట్ట లేదు, లోపల అన్ని పేజీలూ ఉన్నాయి. బీరువా పక్కనే నిలబడి ముందు ఆఖరి పేజీ తీశాను. మిద్దె మీద శెట్టిగారు ముందుకు జరిగినట్టే నేనూ జరిగాను. ఆమె వాకిలి దాకా వచ్చింది. నిలబడింది. మళ్ళింది. బియ్యం వేసింది. నాకు అంతకుముందే తెలుసు, అయినా ఆ పేజీ ఇంకోసారి చదివాను.

అవ్వ చేతిలో ఆ పుస్తకం పెట్టినప్పుడు, ఆఖరి పేజీ మార్చి ఇస్తే ఎవరు కాదంటారని అడిగాను. ఆమె రెండు రోజులు ఆలోచించింది. ఆ రెండు రోజులూ సరిగా తినలేదని బంధువులు చెప్పారు.

"వద్దప్పా," అంది చివరికి. "అప్పుడు భయపడింది కూడా నేనే. దాన్ని తీసేస్తే రాసినామె యాడుంటాది?"

నవల అలాగే అచ్చయింది. సభ లేదు, శాలువా లేదు. ఇల్లు బాగుచేయించుకుని అవ్వ తిరిగొచ్చాక, పుస్తకాల కట్ట వచ్చింది. పాతర పూడ్చేసి ఉంది కాబట్టి కట్టను మంచం మీదే పెట్టుకుంది. మొదటి ప్రతి పక్కింటికి పంపింది. తల్లి కుట్టుపని చేసుకుంటుంటే కూతురు రోజూ కొంత చదివి వినిపించేది. గోడ అవతల నుంచి ఆ గొంతు వినపడేది. అవ్వ ఆ సమయానికి రేడియో పెంచేది.

ఆఖరి పేజీలు చదివే రోజు అవ్వ నన్ను కాలేజీకి పోవద్దంది. జీపులో వచ్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళ గురించి చెప్పేటప్పుడు కూడా ఆమె ముఖం అలా లేదు. "నువ్వు ఈడనే కూర్చోప్పా. ఏమన్నా అంటే నువ్వు ఎకనామిక్స్ చెప్పు."

బట్టలు కుట్టే ఆమె వచ్చింది. చేతిలో పుస్తకం. గడప దగ్గరే నిలబడింది.

"పుట్టి ఎక్కేటప్పుడు ఒక మాట, పుస్తకంలో ఒక మాటా పెద్దమ్మా?"

అవ్వ నా వైపు చూసింది. ఎకనామిక్స్‌లో దానికి జవాబు లేదు.

ఆమె లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పని మధ్యలో వచ్చినట్టుంది, మెడలో వేలాడుతున్న టేపును వేలికి చుట్టుకుంది.

"సరేలే," అంది. "ఆ పొద్దు పోలేదు. అన్నం ఒక్క పూటతో అయిపోతుందా? మళ్ళా పూటకు మళ్ళా ఎసరు పెట్టాల్సిందే, మళ్ళా వాకిలి తీసే ఉంటాది. యా పూటకో ఆ పూటకు పోతాదిలే."

అవ్వ కొంచెం ముందుకు వంగింది.

"యా పూటకు పోతాదంటావు?" అని అడిగింది, నిజంగా తెలియని మనిషిలా.